వానజింక కాదర్రా!

మా జంషెడ్‌పూర్ బాగ్‌బేరాలో జనవరి వచ్చిందంటే బోర్సీ కాలం వచ్చినట్టే. బోర్సీ అంటే మరేం లేదు, మట్టి కుంపటి. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు కంపెనీలో చేరిన రోజుల్లో మా ఇంట్లో దాన్ని కుంపటి అనే అనేవారు. పక్కింటి బిహారీవాళ్లతో దశాబ్దాలు కలిసిమెలిసి బతికాక ఇప్పుడు మా ఆవిడ కూడా బోర్సీ అనే అంటుంది. పొద్దు గూకేసరికి ఖర్కాయి ఏటి వైపు నుంచి పొగమంచు దిగుతుంది. టాటానగర్ స్టేషన్ యార్డులో ఇంజన్ కూత కూడా దుప్పటి కప్పుకుని కూసినట్టు వినబడుతుంది. మేమంతా బోర్సీ చుట్టూ చేరి, చేతులు చాపి, సంక్రాంతికి మిగిలిన అరిసెలు నములుతూ కూర్చుంటాం.

ఈసారి మాతో పాటు ఒక థర్మోకోల్ జింక కూడా కూర్చుంది. క్రిస్మస్‌కి వెనక వీధివాళ్లు కట్టిన పశువులపాకలోది. పండగ అయిపోయాక పారేస్తుంటే మా మనవడు చంకన పెట్టుకొచ్చాడు. ముక్కు మీద ఎర్ర బల్బు, తల మీద కొమ్మలు కొమ్మలుగా కొమ్ములు.

"తాతయ్యా, రెయిన్‌డీర్ అంటే వానజింకేనా?" అన్నాడు వాడు.

"కాదురా. నార్వే వైపు పాతకాలపు భాషలో ఆ జంతువు పేరు హ్రెయిన్. దానికి ఇంగ్లీషువాళ్లు వెనకాల డీర్ తగిలించారు. వానతో దానికి ఏ చుట్టరికమూ లేదు" అని గట్టిగా చెప్పేశాను. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. తరవాత దీన్ని నేనే వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

మా మనవరాలు ఆరో తరగతి. దానికి ప్రతిదానికీ రుజువు కావాలి. "ఇది ఆడదా, మగదా?" అంది. మంచి ప్రశ్నే. జింక జాతుల్లో కొమ్ములు మామూలుగా మగవాటికే. రెయిన్‌డీర్‌లో మాత్రం ఆడవాటికీ వస్తాయి. పైగా మగవి ఎదకాలం అయ్యాక, డిసెంబరు నాటికల్లా కొమ్ములు రాల్చేస్తాయి. చూడి ఆడవి వసంతంలో ఈనేదాకా ఉంచుకుంటాయి. చలికాలంలో మంచు తవ్వి బయటపెట్టిన మేత దగ్గరికి ఇంకొకటి రాకుండా తరమడానికి ఆ కొమ్ములే ఆయుధం. అంటే డిసెంబరు చివర క్రిస్మస్ తాత బండి లాగే కొమ్ముల జింకలు చాలావరకు ఆడవే అయి ఉండాలి. ఈ మాటకి మా ఆవిడ వంటింట్లోంచి "బరువు లాగీది ఎప్పుడూ ఆడోళ్లేనండి" అంది. నేను బోర్సీలో బొగ్గు ఎగదోశాను.

ఈ జంతువు మనకి బొత్తిగా పరాయిదేం కాదు. నార్వేకి పైన, ఉత్తర ధ్రువానికి దాదాపు 1,200 కిలోమీటర్ల దూరంలో స్వాల్‌బార్డ్ దీవులున్నాయి. అందులో నీ-ఒలెసుండ్ అనే చిన్న ఊళ్లో మన దేశానికి ఒక పరిశోధన కేంద్రం ఉంది. పేరు హిమాద్రి. 2008 జులై 1న తెరిచారు. ఇదివరకు అది బొగ్గుగనుల ఊరు. 1962లో గని పేలి 21 మంది పోయారు, ఆ తరవాత గని మూతపడింది. బొగ్గు మోసిన బుల్లి ఆవిరి ఇంజన్ని మాత్రం ఊరి అంచున ఇప్పటికీ అలాగే నిలబెట్టి ఉంచారు. రైల్వే కాలనీ పక్కన పెరిగిన మావాడికి ఇది చెప్పగానే జింక సంగతి మరిచిపోయి ఇంజన్ సంగతి పట్టుకున్నాడు. వాణ్ని మళ్లీ దారికి తేవడానికి ఒక అరిసె ఖర్చయింది.

ఆ ఊరి చుట్టుపక్కల మేసేవే స్వాల్‌బార్డ్ రెయిన్‌డీర్లు. రెయిన్‌డీర్ జాతి మొత్తంలో ఇవే పొట్టివి. కురచ కాళ్లు, గుండ్రటి ఒళ్లు, మొద్దు మూతి. దూరం నుంచి చూస్తే మా వీధి గొర్రెకి కొమ్ములు మొలిచాయా అనిపిస్తుంది. వాటిని వేటాడడానికి ఆ దీవుల్లో తోడేళ్లు లేవు. పరిగెత్తే పని తక్కువ, మేసే పని ఎక్కువ. గడ్డి, నాచు, జానెడు కూడా ఎదగని ధ్రువపు విల్లో పొద, ఏది దొరికితే అది మేస్తాయి. ఎండాకాలం నాలుగు వారాలు దొరికితే చాలు, నడుం మీద వేళ్లమందం కొవ్వు పేరుస్తాయి.

ఇక అసలు సంగతికొస్తాను. నేను పనిచేసింది బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర. జీవితమంతా వేడితోనే కాపురం. అందుకే చలిదేశపు జంతువంటే మొదట్లో నాకూ ఒక అపోహ ఉండేది. దాని ఒంట్లో పెద్ద కొలిమి ఉంటుందనీ, ఎంత చలైతే అంత మంట పెంచుతుందనీ అనుకునేవాణ్ని. అది తప్పు. మనిషిని బట్టల్లేకుండా కూర్చోబెడితే, గాలి 27, 28 డిగ్రీలకి దిగేసరికే ఒళ్లు అదనంగా వేడి పుట్టించుకోవలసి వస్తుంది. నార్వే రెయిన్‌డీర్‌కి చలికాలంలో ఆ అవసరం మైనస్ 30 దాకా రాదు. స్వాల్‌బార్డ్ దానికైతే మైనస్ 50 దాకా రాదు. అంటే మనం స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకుని వణికే ఈ 8 డిగ్రీల బాగ్‌బేరా రాత్రి దానికి లెక్కలోకే రాదు. దాని కొలిమి చిన్నదే. గోడలు మాత్రం గట్టివి. ఫర్నేస్ దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్లకి మేం మొదట నేర్పేదీ అదే. మంట ఎవడైనా వేస్తాడు, పోయే వేడిని పట్టుకున్నవాడే పనిమంతుడు.

దాని మొదటి గోడ వెంట్రుక. పైన కనబడే పొడవాటి వెంట్రుకని నిలువునా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, లోపలంతా గాలి నిండిన గదులు, తేనెపట్టులా. ఆ కింద మెత్తటి ఉన్ని మరో పొర. కదలకుండా నిలిచిన గాలిని మించిన అడ్డు వేడికి అంత తేలిగ్గా దొరకదు. ఫర్నేస్ స్టవ్‌లకి కట్టే ఇటుకల్లో కూడా బయటి వరస ఇటుకలు తేలిగ్గా, సందులు సందులుగా ఉంటాయి. సూత్రం ఒక్కటే. ఆ బొచ్చు పనితనం చూడాలంటే మంచు కురిశాక దాని వీపు చూడాలి. పడ్డ మంచు పడ్డట్టే ఉంటుంది, కరగదు. లోపల 38 డిగ్రీల పైన నెత్తురు ప్రవహిస్తుంటే, బయట అంగుళాల దూరంలో మంచు నిశ్చింతగా కూర్చుంటుంది.

"మరి ముక్కు ఎందుకెర్రగా ఉంది?" అన్నాడు మనవడు, బల్బు నొక్కుతూ. ఆ ప్రశ్న కోసమే నేను కాచుకుని ఉన్నాను.

నవ్వులాటకి మొదలెట్టినా నిజంగానే కొలిచినవాళ్లున్నారు. 2012లో నెదర్లాండ్స్, నార్వే పరిశోధకులు రెయిన్‌డీర్ ముక్కులోపలి పొరని చూస్తే, మనిషి ముక్కులోకంటే సన్నటి రక్తనాళాలు 25 శాతం ఎక్కువ ఒత్తుగా కనిపించాయి. అంత నెత్తురు ముక్కుకెందుకు? ఇక్కడ మా స్టవ్ గురించి చెప్పాలి. స్టవ్ అంటే టీ కాచుకునేది కాదు. ఫర్నేస్ పక్కన మేడలని మించిన ఎత్తుతో నిలబడే ఇనుప స్తంభాలు. లోపల తొర్రలు తొర్రలుగా ఉండే ఇటుకలు పై నుంచి కింద దాకా పేర్చి ఉంటాయి. ఫర్నేస్‌లోంచి వచ్చే గ్యాసుని అందులో మండిస్తే ఇటుకలు ఎర్రగా కాగుతాయి. తరవాత మంట కట్టేసి అదే తొర్రల గుండా చల్లగాలి ఊదుతారు. ఇటుకలు దాచుకున్న వేడి గాలికి అంటుకుని, వెయ్యి డిగ్రీలు దాటిన గాలి ఫర్నేస్‌లోకి వెళుతుంది. ఒకటి కాగుతుంటే ఇంకొకటి ఊదుతుంది. మళ్లీ తిరగబడుతుంది. 1857లో కౌపర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు పేటెంట్ తీసుకున్న ఉపాయమిది.

కౌపర్‌కి చాలా ముందే రెయిన్‌డీర్ ముక్కు ఆ ఉపాయం పట్టింది. దాని ముక్కు లోపల ఎముక రేకులు, ఆత్రేయపురం పూతరేకు చుట్టినట్టు మడతలు మడతలుగా ఉంటాయి. ఆ మడతల మీద నెత్తురు నిండిన తడి పొర. మైనస్ 40 గాలి లోపలికి పోతూ ఆ పొర నుంచి వేడీ తడీ లాక్కుంటుంది, ఊపిరితిత్తులు చేరేసరికి ఒంటి వేడికి వచ్చేస్తుంది. అయితే ఈలోగా పొర చల్లబడింది కదా? ఊపిరి వదిలినప్పుడు బయటికొచ్చే వెచ్చటి గాలి అదే పొరకి వేడి తిరిగి అప్పగించి, మోసుకొచ్చిన తడిని కూడా అక్కడే వదిలి, చల్లబడి బయటికి పోతుంది. లోనికి ఒకసారి, బయటికి ఒకసారి, అచ్చం మా స్టవ్‌లా. మా పిల్లలు చలిలో నోరు తెరిచి "పొగ" ఊది ఆడుకుంటుంటారు. ఆ పొగ అంతా మనం పారేసుకుంటున్న వేడి, నీళ్లూ. తాపీగా నిలబడ్డ రెయిన్‌డీర్ అంత దుబారా చెయ్యదు. తాగడానికి మంచే తప్ప నీళ్లు లేని చోట, ఆ మంచు కరిగించడానికి మళ్లీ ఒంటి వేడే ఖర్చవుతుంది. అందుకే నీటిని పొదుపు చేసినా వేడిని పొదుపు చేసినట్టే.

కాళ్లలో ఇంకో రకం స్టవ్ ఉంది. ఇది వంతులవారీ కాదు, ఆగకుండా నడిచేది. కంపెనీలో దీన్ని రికుపరేటర్ అంటారు. వేడి పొగ ఒక గొట్టంలో ఇటు పోతుంటే దాని పక్క గొట్టంలో చల్లగాలి అటు వస్తూ వేడి అందుకుంటుంది. రెయిన్‌డీర్ కాలిలో వెచ్చటి నెత్తురు కిందికి దిగే ధమని, చల్లటి నెత్తురు పైకి వచ్చే సిర, రెండూ ఒకదాన్ని ఒకటి ఒరుసుకుని నడుస్తాయి. దిగేది ఎక్కేదానికి వేడి ఇచ్చేస్తుంది. డెక్క దాకా చేరేసరికి దిగే నెత్తురు చల్లబడి ఉంటుంది, కాబట్టి డెక్క మంచు మీద ఆనినా పోగొట్టుకునే వేడి కొంచెమే. గుండెకి తిరిగి వెళ్లేది మాత్రం వెచ్చబడి వెళుతుంది.

"అయితే కాళ్లలో కొవ్వు గడ్డకట్టదా?" అంది మనవరాలు. పిల్ల ఎక్కడికి పోయిందో చూశారా! నేను లేచి అలమరలోంచి రెండు సీసాలు తెచ్చి పెట్టాను. ఒకటి కొబ్బరినూనె, ఇంకొకటి ఆవనూనె. ఇక్కడ జనవరిలో కొబ్బరినూనె సీసా బోర్లించినా చుక్క పడదు. 24 డిగ్రీల కిందికి వచ్చిందంటే అది రాయి. పక్కనున్న ఆవనూనె మాత్రం నీళ్లలా ఊగుతోంది. రెండూ నూనెలే, రెండూ ఒకే అలమరలోవే, గడ్డకట్టే చలి మాత్రం వేరు. చలిదేశపు జంతువుల కాళ్లలోనూ ఇంతే. తొడ దగ్గరి ఎముకలో మూలుగ కొవ్వు కొబ్బరినూనె లాంటిది. కిందికి, డెక్క వైపు పోయేకొద్దీ ఆవనూనె లాంటిది, చల్లబడినా మెత్తగానే ఉంటుంది. ఒకే జంతువు ఒకే కాలిలో రెండు రకాల నూనె వాడుతుంది. మా ఇంట్లోనూ కూరకి ఒకటి, తలకి ఒకటి.

ఇంత గట్టి గోడలున్న ఇంట్లో ఒక చిక్కుంది. ఫర్నేస్ మరీ కాగితే ఏం చెయ్యాలి? రెయిన్‌డీర్ పరిగెత్తినప్పుడు అదే అవుతుంది. దుప్పటి విప్పి పక్కన పెట్టలేదు కదా. నార్వేలోని ట్రాంసో పరిశోధకులు రెయిన్‌డీర్లని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి చూశారు. మొదట ముక్కుతో వగరుస్తుంది. అది చాలకపోతే నోరు తెరిచి నాలుక బయటపెట్టి కుక్కలా వగరుస్తుంది. అదీ చాలక మెదడు వేడెక్కబోతుంటే, ముక్కులో చల్లబడిన నెత్తురుని ఒంట్లోకి కాకుండా మెదడు వైపు మళ్లించి, పైకెక్కే వేడి నెత్తురుని చల్లబరుస్తుంది. ఒళ్లంతా కాపాడలేనప్పుడు తలకాయని కాపాడుకోవడం. ఫర్నేస్‌లో నీళ్లు తగ్గితే మేమూ ముందు ఏ భాగానికి నీళ్లివ్వాలో అలాగే ఎంచుకునేవాళ్లం. ఈ లెక్కన మే నెలలో 44 డిగ్రీల జంషెడ్‌పూర్‌కి దాన్ని తెస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. "టాటా జూలో ఎందుకు లేదు?" అన్న మావాడి ఫిర్యాదుకి జవాబు అక్కడే దొరికింది.

నాకు ఆ జంతువు మీద అసూయ పుట్టించిన సంగతి మాత్రం వేరే ఉంది. ముప్పై ఏళ్లకి పైగా ఎ షిఫ్ట్, బి షిఫ్ట్, సి షిఫ్ట్ చేసినవాణ్ని. రాత్రి పదింటికి వెళ్లి పొద్దున ఆరింటికి రావడం, పగలు నిద్ర పట్టక దొర్లడం, వారం తిరగ్గానే మళ్లీ గడియారం తిరగబడడం. స్వాల్‌బార్డ్‌లో అక్టోబరు చివర అస్తమించిన సూర్యుడు ఫిబ్రవరిలో గానీ మొహం చూపించడు. వేసవిలో నెలల తరబడి అస్తమించడు. అక్కడి రెయిన్‌డీర్లకి ఆ రెండు కాలాల్లోనూ రాత్రీ పగలూ అనే లయే కనబడలేదని 2005లో తేలింది. ఆకలేస్తే మేస్తాయి, కడుపు నిండితే పడుకుని నెమరేస్తాయి. అంతే షిఫ్టు. ఇంకా విడ్డూరం, 2023లో బయటపడింది: నెమరు వేస్తున్నప్పుడు దాని మెదడు తరంగాలు గాఢనిద్రలో ఉన్నట్టే ఉంటాయి. ఎంత నెమరేస్తే అంత నిద్ర అవసరం తగ్గుతుంది. తింటూనే నిద్రపోవడం! మా సి షిఫ్ట్‌లో కొందరు ఈ విద్య సాధించారనుకోండి, ఫోర్‌మన్ ఒప్పుకునేవాడు కాదు.

కళ్ల సంగతి కూడా చెప్పి ముగిద్దామనుకున్నాను, మా ఆవిడ అన్నానికి పిలుస్తోంది కాబట్టి. రాత్రిపూట ఆవు కంటి మీద టార్చి వేస్తే తళుక్కుమంటుంది చూశారా? కంటి వెనక అద్దం లాంటి పొర ఉంటుంది. రెయిన్‌డీర్‌లో ఆ అద్దం వేసవిలో బంగారు రంగు, చలికాలంలో నీలం. నెలల తరబడి చీకట్లో కంటిపాప విప్పారే ఉండడంతో కంట్లో ఒత్తిడి పెరిగి, ఆ పొరలోని నారలు దగ్గరకి నొక్కుకుంటాయి. దాంతో తిరిగొచ్చే వెలుగు నీలమవుతుంది. మసక వెలుతురుని కన్ను మరింతగా పట్టుకుంటుంది. మనకి కనబడని అతినీలలోహిత కాంతి కూడా దానికి కనబడుతుంది. తెల్లటి మంచులో తెల్లటి బొచ్చుతో ఏ జంతువైనా పొంచి ఉంటే మనకి ఆనవాలు దొరకదు. దానికి ఆ బొచ్చు మంచు మీద నల్లటి మచ్చలా కనబడుతుంది, ఎందుకంటే మంచు ఆ కాంతిని తిప్పికొడుతుంది, బొచ్చు మింగేస్తుంది.

"ఇన్ని ఏర్పాట్లు ఉంటే ఇక అది చావదన్నమాట" అన్నాడు మావాడు.

చస్తుందిరా. చలికి మాత్రం కాదు. పాతరోజుల్లో మనుషుల తుపాకులకి చచ్చింది. ఎంతలా అంటే, ఇప్పుడు హిమాద్రి ఉన్న ఆ ద్వీపకల్పంలో ఒక్కటీ మిగల్లేదు. 1925లో వేట నిషేధించారు. 1978లో వేరే లోయ నుంచి పట్టుకొచ్చి డజను జంతువుల మందని అక్కడ నిలబెట్టారు. మేత దండి, అడిగేవాడు లేడు. పదిహేనేళ్లలో ఆ డజను దాదాపు 360 అయింది. ఆ పైన 1993-94 చలికాలం వచ్చింది. వసంతంలో లెక్కపెడితే వందకి లోపే ఉన్నాయి. కొన్ని పక్క తీరాలకి వలసపోయాయి, చాలా చచ్చాయి.

"అంత చలి వేసిందా?"

లేదు. వాన పడింది.

నడి చలికాలంలో, మంచు మీద వాన. ఎంత మంచు పడ్డా రెయిన్‌డీర్‌కి భయం లేదు. మంచు మెత్తగా ఉంటుంది, డెక్కతో తవ్వి కిందున్న నాచూ గడ్డీ తింటుంది. వాన పడితే నీళ్లు మంచులోంచి ఇంకి నేల దాకా దిగుతాయి. గడ్డకట్టిన నేల మీద గాజుపలకలా పేరుకుంటాయి. గడ్డి అక్కడే ఉంటుంది, పైనుంచి కనబడుతుంది కూడా. నోటికి అందదు. గాజు పెట్టె వెనక మిఠాయి చూసే పిల్లాడి పరిస్థితి. ధ్రువం వేడెక్కేకొద్దీ అలాంటి చలికాలపు వానలు పెరుగుతున్నాయి. స్వాల్‌బార్డ్‌లో 1994లో పుట్టినవి పెద్దయ్యాక సగటున 55 కిలోలు తూగేవి. 2010లో పుట్టినవి 48 దగ్గరే ఆగిపోయాయి. మళ్లీ అదే వేడికి వేసవి పొడవై మేత పెరుగుతోంది, చాలాచోట్ల వాటి సంఖ్య ఎక్కువవుతోంది కూడా. ఒక చేత్తో పెట్టి, ఇంకో చేత్తో లాక్కుంటున్నట్టుంది.

మనవరాలు నావైపు అదోలా చూసింది. "వానతో చుట్టరికం లేదన్నావు కదా తాతయ్యా?"

"అన్నాను. తప్పేనమ్మా" అన్నాను.

"మరి గాజు కింద గడ్డి అందకపోతే ఏం తింటాయి?" మావాడి గొడవ వాడిది. మంచుపలక పేరుకున్న సంవత్సరాల్లో కొన్ని సముద్రపొడ్డుకి దిగుతాయి. అల మోసుకొచ్చి పడేసిన సముద్రపు నాచు ఉప్పుప్పగా నములుతాయి. దాంతో మాత్రమే బతకలేవు, దొరికిన గడ్డికి తోడుగా తింటాయి, మనం కరువులో అంబలిలో ఆకు కలుపుకున్నట్టు.

ఈలోగా "ఏటండీ, పిల్లల్ని తిననివ్వరేటి?" అని మా ఆవిడ మూడోసారి కేకేసింది. బోర్సీ నివురుగప్పింది, లేచిపోయాం. ఆ అర్ధరాత్రి ఎందుకో చినుకులు మొదలయ్యాయి. పొద్దున లేచి చూస్తే వరండాలో థర్మోకోల్ జింక లేదు. మావాడి మంచం కింద, నా పాత మఫ్లర్ చుట్టుకుని పడుకుని ఉంది.